సర్వర్ ఉన్నట్టుండి పలకడం మానేస్తోంది, రీస్టార్ట్ చేస్తే వస్తోంది – పలాస నుంచి, సాయం కావాలి

పలాస_పిక్క | జూన్ 9, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తున్నాను. నా అసలు పని అకౌంట్స్. కంప్యూటర్లు కొంచెం తెలుసు కాబట్టి వాటి బాధ్యత కూడా నా మీదే పడింది. మూడు వారాలుగా ఒక సమస్యతో సరిగా నిద్ర పట్టడం లేదు.

ఆఫీసు గదిలో సర్వర్ ఉంది. ఉబుంటు లైనక్స్, దాని మీద పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. బాయిలింగ్ దగ్గర ఒకటి, గ్రేడింగ్ హాల్లో రెండు, ఆఫీసులో మూడు, మొత్తం ఆరు విండోస్ పీసీలు దానికి కనెక్ట్ అవుతాయి. ఎన్ని బస్తాల పిక్కలు దిగాయి, ఎవరు ఎన్ని కిలోలు ఒలిచారు, గుండు ఎంత, బద్ద ఎంత, అన్నీ అందులోనే ఎక్కుతాయి. సర్వర్ ఐపీ, అంటే నెట్‌వర్క్‌లో దాని అడ్రస్, 192.168.1.201, చేత్తో ఇచ్చిన స్టాటిక్ (మారని) ఐపీ. మధ్యలో 16 పోర్టుల మామూలు స్విచ్.

బాగా నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి పీసీల్లో కనెక్షన్ తెగిపోయిందని వస్తుంది. ఒక్కోసారి ఆరింటికీ, ఒక్కోసారి రెండింటికే. పది నిమిషాల్లో దానంతట అదే వచ్చేస్తుంది, లేదంటే గంటైనా రాదు. సర్వర్ రీస్టార్ట్ చేస్తే మాత్రం వెంటనే వస్తుంది. వాన పడ్డ రోజుల్లో ఎక్కువగా జరుగుతోంది.

మొన్న శనివారం కూలి ఇచ్చే రోజు. నలభై మంది ఆడవాళ్ళు వరండాలో గంటన్నర కూర్చున్నారు. కిలోల లెక్క తెరుచుకుంటేగానీ డబ్బు ఇవ్వలేం. మందస వైపు వెళ్ళే వాళ్ళకి ఆఖరి ఆటో కూడా తప్పిపోయింది. వాళ్ళ ముఖాలు చూడలేకపోయాను. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

ఏడురోడ్లు | జూన్ 9, రాత్రి 9:48

తమ్ముడూ, ముందు వైరు చూడు. శ్రీకాకుళంలో నేను చూసిన ఇలాంటి కేసుల్లో సగానికి పైగా క్రింపింగ్ దగ్గరే, అంటే వైరు చివర కనెక్టర్ బిగించే చోటే తేలాయి. సర్వర్లో ఈథ్‌టూల్ కమాండ్ కొట్టి స్పీడ్ ఎంత చూపిస్తోందో చెప్పు. గిగాబిట్ రావాలంటే కేబుల్లో నాలుగు జతలూ బాగుండాలి. 100 ఎంబీపీఎస్‌కి రెండు జతలు చాలు. అందుకే ఒక జత తెగినా లైటు వెలుగుతూనే ఉంటుంది, పని జరుగుతున్నట్టే కనిపిస్తుంది. దాంతోపాటు ఎర్రర్ల లెక్క కూడా చూడు, సీఆర్‌సీ ఎర్రర్లు, అంటే దారిలో పాడైన పాకెట్లు, పెరుగుతున్నాయేమో.

బొబ్బిలి_వీణ | జూన్ 9, రాత్రి 10:31

వాన పడ్డప్పుడు ఎక్కువ అంటున్నారు కాబట్టి ఎర్తింగ్ అనుమానించాలండీ. బాయిలింగ్ షెడ్డు, ఆఫీసు వేరు వేరు బిల్డింగులా? రెండింటికీ వేరు ఎర్త్ గుంతలుంటే, మధ్యలో రాగి నెట్‌వర్క్ కేబుల్ లాగితే, పిడుగు పడ్డప్పుడు ఆ తేడా మొత్తం స్విచ్ పోర్టు మీదకే వస్తుంది. మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజ్ కొలిపించండి. ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి, మీరు చెయ్యి పెట్టకండి.

పలాస_పిక్క | జూన్ 11, సాయంత్రం 6:15

ఏడురోడ్లు అన్నా, మీరన్నది నిజమే, స్పీడ్ 100 అనే చూపించింది! క్రింపు తీసి చూస్తే గోధుమరంగు జత కనెక్టర్ లోపలికి పూర్తిగా వెళ్ళలేదు. మళ్ళీ కొట్టాం, ఇప్పుడు 1000 వస్తోంది. సీఆర్‌సీ ఎర్రర్లు సున్నా. ఇక అయిపోయిందనుకుని సంతోషపడ్డాను. ఇవాళ మధ్యాహ్నం మూడున్నరకి మళ్ళీ ఆగిపోయింది.

వీణ గారూ, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కి 1.4 వోల్టులు వచ్చింది. ఎలక్ట్రీషియన్ బాగానే ఉందన్నాడు. స్విచ్ కూడా మార్చి చూశాం, పక్క ఫ్యాక్టరీ నుంచి ఒకటి అడిగి తెచ్చాను. తేడా లేదు.

మూడులాంతర్లు | జూన్ 11, రాత్రి 8:02

నాకూ అచ్చంగా ఇదే సమస్య, ఇక్కడే అడుగుతున్నాను. విజయనగరంలో ఒక హాస్టల్. 300 మంది పిల్లలకి ఇంటర్నెట్ ఒక లైనక్స్ పెట్టె ద్వారా వెళ్తుంది. రాత్రి తొమ్మిది దాటాక కొత్తగా ఏ పేజీ తెరవదు, అప్పటికే నడుస్తున్న వీడియో మాత్రం నడుస్తూనే ఉంటుంది. రీస్టార్ట్ చేస్తే వస్తుంది.

నాగావళి_తీరం | జూన్ 11, రాత్రి 10:40

మూడులాంతర్లు గారూ, పైకి ఒకేలా కనిపిస్తున్నా మీది వేరే జబ్బు. పాత కనెక్షన్లు బతికుండి కొత్తవి మాత్రమే పుట్టకపోవడం అంటే దాదాపు ఎప్పుడూ ఒకటే. డీమెస్గ్ కమాండ్ కొట్టి సిస్టమ్ సందేశాలు చూడండి, "ఎన్‌ఎఫ్ కాన్‌ట్రాక్: టేబుల్ ఫుల్, డ్రాపింగ్ పాకెట్" అనే లైను ఉంటుంది. లైనక్స్ ఫైర్‌వాల్ తన గుండా వెళ్ళే ప్రతి కనెక్షన్‌నీ ఒక పట్టికలో రాసుకుంటుంది. పట్టిక నిండితే కొత్తవాటిని పారేస్తుంది. పైగా ఒకసారి కుదిరిన టీసీపీ కనెక్షన్‌ని, ఎవరూ మాట్లాడకపోయినా, డిఫాల్ట్‌గా 4,32,000 సెకన్లు, అంటే అయిదు రోజులు ఉంచుతుంది. పిల్లలు ఫోన్ ఆపేసి పడుకున్నా ఆ వరసలు అలాగే ఉంటాయి. గరిష్ఠ పరిమితిని 2,62,144కి పెంచండి, ఆ టైమవుట్‌ని 7,440కి దించండి. ఆ అంకె ఊరికే చెప్పలేదు, అది 2 గంటల 4 నిమిషాలు. అంతకంటే తగ్గించొద్దని 2008 నాటి ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 5382 చెబుతుంది.

ఇక పలాస తమ్ముడూ, నీకు ఒక్క మాట. రీస్టార్ట్ చెయ్యకు. నువ్వు రీస్టార్ట్ కొట్టిన ప్రతిసారీ సాక్ష్యం తుడిచిపెట్టేస్తున్నావు. నొప్పి ఉండగా డాక్టర్ చూస్తేనే ఎక్కడుందో తెలుస్తుంది. ఈసారి ఆగినప్పుడు పది నిమిషాలు ఓపిక పట్టి ఇవి చూడు. సర్వర్‌కి మానిటర్, కీబోర్డు తగిలించి ఉంచు, అక్కడ లాగిన్ అవుతోందా? అక్కడి నుంచి రౌటర్‌కి పింగ్ (ఉన్నావా అని అడిగే చిన్న పలకరింపు) వెళ్తోందా? ఆగిపోయిన పీసీ నుంచి సర్వర్‌కి పింగ్ వస్తోందా? అప్లికేషన్ చూపించే ఎర్రర్‌లో అక్షరాలా ఏముంది? "తెగిపోయింది" అని నీ మాటల్లో కాదు, తెర మీద ఉన్నది ఉన్నట్టు రాసి పెట్టు. డీమెస్గ్‌లో "నెట్‌డెవ్ వాచ్‌డాగ్" అనో "హార్డ్‌వేర్ యూనిట్ హ్యాంగ్" అనో ఉంటే కార్డు, డ్రైవర్ సంగతి చూద్దాం.

ఇంకొకటి. మూడు వారాల నుంచే అన్నావు. అప్పుడు ఏం మారింది?

మూడులాంతర్లు | జూన్ 11, రాత్రి 11:25

గురువుగారూ, ఆ లైను వందలకొద్దీ ఉంది! పరిమితి 65,536, పట్టిక నిండా ఉంది. మీరు చెప్పినట్టు మార్చాను. పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. చాలా థాంక్స్ అండీ.

పలాస_పిక్క | జూన్ 13, సాయంత్రం 5:50

గురువుగారూ, ఇవాళ ఆగింది. చెయ్యి రీస్టార్ట్ మీదకే పోయింది, ఆపుకున్నాను.

సర్వర్ మానిటర్‌లో లాగిన్ అయ్యింది, ఏ ఇబ్బందీ లేదు. పోస్ట్‌గ్రెస్ నడుస్తోంది, డేటాబేస్ తలుపు లాంటి 5432 పోర్టు వింటున్నట్టే చూపిస్తోంది. సర్వర్ నుంచి రౌటర్‌కి పింగ్ వెళ్తోంది. డీమెస్గ్‌లో ఆ లైన్లు ఏవీ లేవు. గ్రేడింగ్ హాల్ పీసీ నుంచి సర్వర్‌కి పింగ్ కొడితే జవాబు వస్తోంది. కానీ అప్లికేషన్ తెరవదు. ఎర్రర్ ఇది: "కనెక్షన్ రెఫ్యూజ్డ్".

పింగ్ వస్తూ అప్లికేషన్ రాకపోవడం ఏమిటో అర్థం కాలేదు. మూడు వారాల క్రితం ఏమీ మారలేదండీ. కొత్త పీసీ లేదు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ లేదు.

నాగావళి_తీరం | జూన్ 13, రాత్రి 7:10

"రెఫ్యూజ్డ్" అన్న మాట బంగారం లాంటిది, తమ్ముడూ. సర్వర్ ఉరిమినా పలకని స్థితిలో ఉంటే "టైమ్డ్ అవుట్" రావాలి, అంటే తలుపు కొట్టాం, లోపల అలికిడి లేదు అని. "రెఫ్యూజ్డ్" అంటే ఎవరో తలుపు తీసి "ఆ పేరుగలవాళ్ళు ఇక్కడ లేరు" అని చెప్పి పంపారన్నమాట. మరి సర్వర్లో చూస్తే 5432 తెరిచే ఉంది. అలాంటప్పుడు తలుపు తీసింది ఎవరు?

ఈసారి ఆగగానే, పని చేస్తున్న పీసీలోనూ ఆగిపోయిన పీసీలోనూ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఆర్ప్ డ్యాష్ ఏ కొట్టు, ఏ ఐపీ ఎవరిదని ఆ పీసీ అనుకుంటోందో చూపిస్తుంది. 192.168.1.201 పక్కన ఉన్న మ్యాక్ అడ్రస్, అంటే నెట్‌వర్క్ కార్డు సొంత నంబరు, రెండు చోట్లా రాసుకో. సర్వర్ అసలు మ్యాక్ ముందే రాసి పెట్టుకో.

టెక్కలి_కుర్రోడు | జూన్ 13, రాత్రి 7:45

చిన్న సందేహం అన్నా. ఫెయిల్‌టుబ్యాన్ (తప్పు లాగిన్లు ఎక్కువైతే ఆ ఐపీని ఆపేసే సాఫ్ట్‌వేర్) ఉంటే కూడా ఇలాగే రాదా? అది బ్యాన్ చేసిన ఐపీకి మామూలుగా రిజెక్ట్ జవాబు పంపుతుంది. పింగ్ మాత్రం పోతుంది. పది నిమిషాలకి బ్యాన్ దానంతట అదే పోతుంది. రీస్టార్ట్ చేస్తే కూడా కొన్నిసార్లు పోతుంది.

నాగావళి_తీరం | జూన్ 13, రాత్రి 7:58

మంచి ప్రశ్న తమ్ముడూ, నిజంగా. లక్షణాలన్నీ దానికీ సరిపోతాయి. పలాస తమ్ముడూ, అది ఇన్‌స్టాల్ అయి ఉందేమో చూడు. అది కాదని తేలాకే నా అనుమానం చెబుతాను.

పలాస_పిక్క | జూన్ 13, రాత్రి 8:20

ఫెయిల్‌టుబ్యాన్ లేదండీ. ఫైర్‌వాల్ కూడా ఆన్ చేసి లేదు.

పలాస_పిక్క | జూన్ 16, రాత్రి 10:05

దొరికింది. మొత్తం రాస్తున్నాను, కొంచెం పొడుగవుతుంది, క్షమించండి.

సర్వర్ మ్యాక్ ఒక కాగితం మీద రాసి మానిటర్‌కి అతికించాను. చివరి రెండు జతలు 41:19. ఇవాళ మధ్యాహ్నం ఉరుములతో వాన. 3:40కి కరెంటు పోయింది, సర్వర్, పీసీలు, స్విచ్ యూపీఎస్ మీద ఉన్నాయి కాబట్టి ఏమీ కాలేదు. 3:52కి కరెంటు వచ్చింది. ఒక్క నిమిషం గడవకముందే గ్రేడింగ్ హాల్ నుంచి కేక, ఆగిపోయిందని.

గొడుగు కూడా తీసుకోకుండా పరిగెత్తాను. అక్కడి పీసీలో ఆర్ప్ కొట్టాను. 192.168.1.201 పక్కన చివరి రెండు జతలు 07:92. కాగితం చూశాను, తెర చూశాను, మళ్ళీ కాగితం చూశాను. అంకె అంకె వేలు పెట్టి చదివాను. ఒక్క జత కూడా కలవలేదు. పింగ్ కొడితే 3 మిల్లీసెకన్లు వస్తోంది. మామూలుగా సర్వర్ నుంచి ఒకటి కంటే తక్కువే వస్తుంది. ఇన్నాళ్ళూ ఆ తేడా నా కళ్ళ ముందే ఉంది.

తర్వాత ఆ పీసీలో ఆగకుండా పింగ్ పెట్టి, ఫోన్లో ఒకమ్మాయిని లైన్లో ఉండమన్నాను. నేను స్విచ్ దగ్గర నిలబడి ఒక్కొక్క వైరు పీకుతూ, పెడుతూ ఉన్నాను. "వస్తోందా?" "వస్తోందండీ." "ఇప్పుడు?" "వస్తోంది." సర్వర్ వైరు పీకేశాను, అయినా "వస్తోంది" అంది. ఒళ్ళు జలదరించింది. పదకొండో పోర్టు పీకగానే, "ఆగిపోయిందండీ" అంది.

ఆ వైరు పట్టుకుని గోడ వెంబడి నడిచాను. కిటికీలోంచి బయటికి వెళ్ళి, పైపులో దూరి, గేటు గదిలోకి పోయింది. అక్కడ గోడకి వేలిముద్ర హాజరు యంత్రం ఉంది. మెనూలోకి వెళ్ళి నెట్‌వర్క్ నొక్కితే తెర మీద 192.168.1.201.

మూడు వారాల క్రితం ఏం మారిందో ఇప్పుడు చెబుతాను. మే నెలలో పిడుగుకి పాత హాజరు యంత్రం కాలిపోయింది. కొత్తది తెచ్చిపెట్టారు. అది నెట్‌వర్క్‌లో ఉన్న వస్తువని నాకు తట్టనే లేదు. గేటు దగ్గర వాచ్‌మన్ చూసుకునేదని వదిలేశాను. ఇంకా బాధ ఏమిటంటే, "హాజరు దిగడం లేదు బాబూ" అని టైమ్‌కీపర్ గారు నాలుగైదు సార్లు చెప్పారు. సర్వర్ సమస్య తీరితే అదీ తీరుతుందని చెప్పి పంపాను. ఆయన చెప్పింది అప్పుడే విని ఉంటే ఈ మూడు వారాలు పట్టేది కాదు.

నాగావళి_తీరం | జూన్ 16, రాత్రి 10:50

శభాష్! స్విచ్ దగ్గర నువ్వు చేసింది ఖరీదైన పరికరాలు ఉన్నవాళ్ళు కూడా చెయ్యాల్సిన పనే.

కొన్ని కంపెనీల హాజరు యంత్రాలు ఫ్యాక్టరీ నుంచే 192.168.1.201తో వస్తాయి. కొన్ని కెమెరా పెట్టెలు 192.168.1.108తో, ఇంకొన్ని 192.168.1.64తో వస్తాయి. నీ సర్వర్‌కి ఆ అంకె ఎవరో తోచినట్టు ఇచ్చారు. పాత యంత్రం వేరే ఐపీలో ఉండబట్టి ఇన్నాళ్ళూ గడిచింది.

ఇప్పుడు లక్షణాలన్నీ ఒకదానికొకటి ఎలా అతుకుతాయో చూడు. ఒకే నెట్‌వర్క్‌లో పీసీ సర్వర్‌తో మాట్లాడాలంటే ఐపీ తెలిస్తే చాలదు, మ్యాక్ కావాలి. "201 ఎవరు?" అని అందరికీ వినబడేలా అడుగుతుంది. ఆ పద్ధతే ఆర్ప్, 1982లో ఆర్‌ఎఫ్‌సీ 826గా వచ్చింది. అడిగినప్పుడు ఇద్దరు "నేనే" అంటే ఎవరి జవాబు నిజమో తేల్చే ఏర్పాటు అందులో లేదు. అందరూ ఒకరినొకరు నమ్మే కాలంలో రాసుకున్న ఒప్పందం అది. అందుకే ఒక పీసీ పట్టికలో సర్వర్, ఇంకో పీసీ పట్టికలో హాజరు యంత్రం. రెండు పీసీలే ఆగడానికి కారణం అది.

కరెంటు వచ్చినప్పుడు యంత్రం లేచి, "201 నేను" అని తనంతట తానే చాటుకుంటుంది. విన్న పీసీలు ఆ మాటే రాసుకుంటాయి. అప్పుడు ఆరూ ఒకేసారి ఆగుతాయి. వానకి, నీ సమస్యకి మధ్య ఉన్న సంబంధం అదే. వీణ గారు వాన దగ్గర పట్టుకోవడం సరైనదే. నడుమ ఉన్నది ఎర్తింగ్ కాదు, కరెంటు పోయి రావడం, అంతే తేడా.

ఇక రీస్టార్ట్. సర్వర్ లేవగానే రౌటర్ కోసం, పీసీల కోసం తనే ఆర్ప్ అడుగుతుంది. ఆ అడిగే పాకెట్‌లోనే తన ఐపీ, తన మ్యాక్ ఉంటాయి. అప్పటికే 201 గురించి రాసుకున్నవాళ్ళు అది చూసి దిద్దుకుంటారు. నువ్వు బాగు చేసింది సర్వర్‌ని కాదు, దాని చేత ఒకసారి గట్టిగా తన పేరు చెప్పించావు. మళ్ళీ యంత్రం చెబితే మళ్ళీ పోతుంది.

సర్వర్ విండోస్ అయి ఉంటే ఐపీ కాన్‌ఫ్లిక్ట్ అని తెర మీద చెప్పేది. లైనక్స్‌లో స్టాటిక్ ఐపీ ఇచ్చాక కెర్నెల్ తనంతట తాను ఆ మాట చెప్పదు. అందుకే నీ సర్వర్ లాగ్‌లు, అంటే అది రాసుకునే చిట్టాలు, అంత నిశ్శబ్దంగా ఉన్నాయి.

ఏడురోడ్లు | జూన్ 17, ఉదయం 8:12

నేను వైరు దగ్గరే ఆగిపోయాను. నీ వైరు చెడ్డదే, కానీ నీ సమస్య అది కాదు. రెండు తప్పులు ఒకేసారి ఉంటే మొదటిది దొరకగానే మనసు అక్కడితో తృప్తి పడిపోతుంది. ఇది నేను గుర్తు పెట్టుకుంటాను.

ఇక ముందు ఏ కొత్త పెట్టె తగిలించినా సర్వర్ నుంచి ఆర్పింగ్ కమాండ్‌ని పెద్ద డీ ఆప్షన్‌తో, సర్వర్ సొంత ఐపీ ఇచ్చి నడుపు. "ఈ ఐపీ ఇంకెవరి దగ్గరైనా ఉందా?" అని అడుగుతుంది. ఒక్క జవాబు వచ్చినా డూప్లికేట్ ఉన్నట్టే. దాన్ని క్రాన్‌లో (టైం ప్రకారం కమాండ్లు నడిపే ఏర్పాటు) పెట్టి గంటకోసారి నడిపితే ఇంకా మంచిది. ఇంకోటి, రౌటర్ డీహెచ్‌సీపీ (పరికరాలకి ఐపీలు తనంతట తానే పంచే ఏర్పాటు) ఏ రేంజ్ నుంచి ఇస్తోందో చూశావా? సర్వర్ ఐపీ ఆ రేంజ్‌లో ఉంటే రేపు ఎవరి ఫోనుకో అదే ఐపీ వెళ్తుంది.

పలాస_పిక్క | జూన్ 17, రాత్రి 9:30

చూశాను అన్నా. రౌటర్ 2 నుంచి 254 దాకా మొత్తం ఇచ్చేస్తోంది! దాన్ని 100 నుంచి 199కి కుదించాను. సర్వర్ 201లోనే ఉంచాను, ఆరు పీసీల్లో మార్చాలంటే కష్టం. హాజరు యంత్రాన్ని 240కి మార్చాను, టైమ్‌కీపర్ గారి పీసీలో సాఫ్ట్‌వేర్‌కి కూడా ఆ అంకె ఇచ్చాను. మూడు వారాల హాజరు ఒకేసారి దిగింది. ఆయన దగ్గరికి వెళ్ళి క్షమించమని అడిగాను. "కొత్త యంత్రం కదా బాబూ, నేనూ గట్టిగా చెప్పలేకపోయాను" అన్నారు.

ఆర్పింగ్ నడిపాను, ఒక్క జవాబు కూడా రాలేదు.

టెక్కలి_కుర్రోడు | జూన్ 18, ఉదయం 7:05

అన్నా, గేటు గది యూపీఎస్ మీద ఎందుకు లేదు? ఐపీ మార్చినా, కరెంటు పోయినప్పుడు హాజరు పడదు కదా.

పలాస_పిక్క | జూన్ 29, రాత్రి 8:40

తమ్ముడూ, 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి పాత గేటు గది రేకులు లేచిపోయాయి. తర్వాత కట్టిన గదికి హడావిడిగా నేరుగా మెయిన్ లైను ఇచ్చారు, యూపీఎస్ లైను లాగలేదు. ఇప్పుడు యజమాని గారు ఒప్పుకున్నారు. 60 మీటర్లు కొలిచాను, సోమవారం ఎలక్ట్రీషియన్ వస్తాడు.

పన్నెండు రోజుల్లో కరెంటు తొమ్మిది సార్లు పోయింది, నోట్‌బుక్‌లో రాసి పెట్టాను. సర్వర్ ఒక్కసారి కూడా ఆగలేదు. గడిచిన రెండు శనివారాలూ కూలి సాయంత్రం అయిదున్నరకల్లా ఇచ్చేశాం, మందస ఆటో అందరికీ అందింది. స్విచ్ పక్కన గోడకి ఏ పోర్టులో ఏ వస్తువు, దాని ఐపీ, మ్యాక్, మొత్తం పదకొండు వరసలు రాసి అతికించాను. పదకొండోది గేటు.